దయ్యానికిచ్చిన నడక

1986 సెప్టెంబరు 8, సోమవారం

యాకమ్మ చిన్నమ్మ నడకను నేను దయ్యానికిచ్చాను. అడగకుండా ఇచ్చాను. ఆమె మాటను కూడా ఇచ్చాను. ఇప్పుడు మా ఊళ్ళో ఆమె ఎదురొస్తే జనం పక్క సందులోకి తిరుగుతున్నారట.

ఇంతే. రాసేశాను. రాస్తే గుండె తేలికవుతుందని ఎవడన్నాడో వాడు ఒట్టి అబద్ధాలకోరు.

పొద్దున ఈ సంగతి చెప్పింది రాములు. మా ఊరివాడే, మిర్చి బస్తాలు దించడానికి మానుకోట వస్తాడు. "నీ సినిమా మస్తు పనిజేసిందిర రాజేశం! యాకవ్వ కనవడితె చాలు, పోరగాండ్లు 'సర్ర్ దబ్, సర్ర్ దబ్' అనుకుంట ఉరుకుతున్నరు" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

నేను నవ్వాను. ఈ రోజు రాయాల్సిన అసలు సంగతి అది.

నేనేం చేశానని? నా పని దయ్యాల సినిమా చెప్పడం. చూపించేది వీడియో డెక్కు, చెప్పేది నేను. సోమేశ్వర్ సేటు మిర్చి గోదాంలో సగం ఖాళీ చేయించి, చాపలు పరిచి, ముందర టీవీ పెట్టి వీడియో నడుపుతున్నాడు. హైదరాబాదు నుంచి తెచ్చే క్యాసెట్లలో పరాయి దేశాలవే ఎక్కువ. చాపల మీద కూర్చునే హమాలీలకూ, వారపు అంగడికొచ్చిన ఆడవాళ్ళకూ ఆ మాటలేం తెలుస్తాయి? అందుకే టీవీ పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని, బొమ్మ కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెప్తాను. తెలిసిన కాడ చదివి చెప్తాను. తెలియని కాడ కల్పించి చెప్తాను. ఏడో తరగతిలో బడి మానేసి, జనగామ టాకీసుకు పోస్టర్లు అంటించుకుంటూ చిరిగిన నిఘంటువు ముందర పెట్టుకుని నేర్చుకున్న ఇంగ్లీషు నాది. కల్పించేదే ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు ఆడుతున్న క్యాసెట్‌లో జపాను కథ ఒకటి ఉంది. అందులో దయ్యం కనపడదు. అడుగుల చప్పుడు ఒక్కటే. మొదటి ఆటకు జనం నవ్వారు. "దయ్యం యాడుందిర? పైసలు వాపస్ ఇయ్యి" అని ఒకడు అరిచాడు. నాకు మండింది. రెండో ఆటకు కాలి చెప్పు తీసి మైకు దగ్గర పెట్టుకుని సిమెంటు మీద ఈడ్చాను. సర్ర్ర్... దబ్. ఒక కాలు ఈడ్చి ఇంకో కాలు బరువుగా వేసినట్టు. సర్ర్ర్... దబ్. ఆ చప్పుడు గోదామంతా తిరిగింది. దాని మీద, గొంతు సన్నగా చేసి, "జర ఆగు బిడ్డా... వస్తున్న..." అన్నాను.

ఎవడూ నవ్వలేదు.

ఆ చప్పుడు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చాయో నాకప్పుడు తెలియదు.

అబద్ధం. తెలుసు.

సెప్టెంబరు 9

సినిమా చెప్పేవాడు సినిమా చెప్తాడు. ఊరోళ్ళకు బుద్ధి లేకపోతే నేనేం చేస్తాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఈ క్యాసెట్ నన్ను వదిలిపెట్టి పోవడం లేదు. అట్ట మీద పేరు చిరిగిపోయింది కాబట్టి సేటు "మూడు దేశాల దయ్యాలు" అని బోర్డు రాయించాడు. ముగ్గురు పరాయి మనుషులు ఒక ఏటి ఒడ్డున పడవ కోసం కూర్చుంటారు. పొద్దుపోక ఒక్కొక్కరు తమ దేశపు కథ ఒకటి చెప్తారు.

మొదటిది ఇంగ్లండుది. ఒకడు కిరాయి ఇంట్లో ఉంటాడు. గోడ అవతల ఎవరో దగ్గుతుంటారు. పోయి చూస్తే ఆ గోడ అవతల ఇల్లే లేదు. ఇక్కడ మిర్చి ఘాటుకు మా జనం నిజంగానే దగ్గుతారు. అప్పుడు చూడాలి, ఎవడు దగ్గాడో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రెండోది జపానుది. కుండలు చేసేవాడు పేద పెళ్ళాన్ని వదిలి పట్నంలో ఇంకొకతెను చేసుకుంటాడు. ఇక ఏ ఊరికి పోయినా పొద్దుగూకేసరికి వాకిట్లో మొదటిదాని అడుగులు. మూడోది మెక్సికోది. ఏడాదికొకసారి చచ్చిపోయినవాళ్ళకు అన్నం పెట్టే పండుగ. అచ్చం మన పెత్రామాసే. పెట్టిన ముద్ద తినడానికి ఆ తల్లి నిజంగానే వచ్చి కూర్చుంటుంది. ఆ కథకు మా ఆడవాళ్ళు భయపడరు, ఏడుస్తారు.

ఒక పెద్ద దయ్యం కన్నా మూడు చిన్న దయ్యాలే ఎందుకు బాగుంటాయి అని చాలాసార్లు ఆలోచించాను. పెద్ద సినిమాలో హీరో చావడని ముందే తెలుసు. చిన్న కథలో హీరో అయ్యేంత టైము ఎవరికీ ఉండదు. ఎవడైనా పోవచ్చు. కథకూ కథకూ నడుమ జనం బీడీ ముట్టించి, "నేనేం భయపడలె" అని పక్కవాడిని పొడుస్తారు. ధైర్యం తెచ్చుకునేసరికి రెండో కథ మొదలవుతుంది. ఇంకొకటి కూడా. ఏ దేశం ఏం తప్పు చేసిందో అక్కడే దాని దయ్యం పుడుతుంది. ఇంగ్లండోడు పక్కింటి మనిషిని ఎన్నడూ పలకరించలేదు, వాడికి గోడ దగ్గుతుంది. జపానోడు పెళ్ళాన్ని ఇడిచిపెట్టాడు, వాడికి అడుగులు వినపడతాయి. మెక్సికో వాళ్ళు చచ్చినవాళ్ళకు అన్నం పెట్టారు, వాళ్ళకు భయం లేదు.

నా గొప్ప ఇంకొకటుంది, రాసుకుంటాను. టాకీసు సినిమాల్లో మన మాట మాట్లాడేది ఎవడు? నౌకరు, తాగుబోతు, జనం నవ్వడానికి పెట్టిన జోకరు. నా మైకులో ఇంగ్లండు దొర "ఏంది, ఎవలు దగ్గుతున్నరు?" అంటాడు. జపానోడు "నన్నిడిసిపెట్టు, పరేషాన్ జెయ్యకు" అంటాడు. దయ్యం కూడా మన మాటే. మన మాట వింటే నవ్వడం కాదు, జనం వణుకుతారు. ఆ పని చేసింది నేను.

నన్ను బజార్లో "దయ్యాల రాజేశం" అంటున్నారు.

సెప్టెంబరు 17

సేటు పిలిచి చాయ్ తాగించాడు. భూపాలపల్లి దిక్కు బొగ్గు బావులు వస్తాయట. కూలీలు వేలకు వేలు దిగుతారట. "ఆడ ఇంకో వీడియో పెడ్త. నువ్వే మేనేజర్. గీ మూడు దేశాల క్యాసెట్ పట్టుకోని పో. కని అరే, ఆ అడుగులు మాత్రం ఇడువకు. జనం వచ్చేది గా చప్పుడుకే" అన్నాడు.

మేనేజర్. నా పేరు రాసిన బోర్డు. రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో అనుకుంటా.

సెప్టెంబరు 20, శనివారం

ఊరికి పోయి వచ్చాను. దంతాలపల్లిలో బస్సు దిగి పొలాల గట్ల మీద నడుస్తుంటే ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. వాళ్ళలో చిన్నమ్మ లేదు. కలుపు పాట ఎత్తేదే ఆమె. పాట లేకుండా వంగి ఉన్నారు అందరూ.

చిన్నమ్మ అంటే మా అవ్వకు, కన్నతల్లికి, చెల్లెలు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటి పక్కనే ఒక గుడిసె. నేను పోయేసరికి వాకిట్లో రొట్టెల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"సినిమల నన్ను పెట్టినవట" అంది, పలకరింపు కూడా లేకుండా.

"నిన్ను గాదు చిన్నమ్మా. గది జపాన్‌ది."

"గంత దూరంల గూడ నా లెక్క నడిచేటోళ్ళున్నరా?"

నవ్వింది. జొన్నరొట్టె చేతిలో పెట్టింది. నేను తిన్నాను. కలుపుకెందుకు పోలేదని అడగలేదు. ఎవరూ పిలవడం లేదని చెప్పనివ్వలేదు. బస్సు టైమైంది అన్నాను.

దుర్గయ్య తాత దారిలో పట్టుకున్నాడు. మా కులపెద్ద. ఆయన కోడలు రాజమణి పది దినాలుగా జ్వరంతో ఉంది. బోనాల సామాను కొనడానికి మానుకోట వచ్చినప్పుడు నా ఆట చూసిందట. "జరంల కలవరిస్తందిర. 'ఈడ్సుకుంట వస్తంది, తలుపేయుండ్రి' అంటది. గొంతెండుకపోయి నీళ్ళు దాగదు. నువ్వు దేశదేశాల దయ్యాలు జూసినోనివి. జర చెప్పు బిడ్డా, గది ఏంది?" అని నా రెండు చేతులు పట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి. ఎన్నడూ నన్ను పేరు పెట్టి పిలవని మనిషి.

ఏదో చెప్పి వచ్చేశాను.

సెప్టెంబరు 21

దవాఖానకు తీస్కపో తాతా అన్నాను. అదే అన్నాను.

సెప్టెంబరు 24, బుధవారం

ఈ రోజు అడుగులు వేయకూడదని గట్టిగా అనుకున్నాను. చెప్పు బయటే విడిచి లోపలికి పోయాను. జపాను కథ మొదలైంది. ఉత్త మాటలతో చెప్పాను. బాగానే చెప్పాను.

"అడుగులేవిర?" అని ఒకడు. "మా ఊరోళ్ళకు చెప్పి తోల్కచ్చిన, ఇజ్జత్ తీస్తున్నవ్" అని ఇంకొకడు. చాపలు తన్నడం మొదలుపెట్టారు. సేటు తలుపు దగ్గర నిలబడి నన్ను చూశాడు. చూశాడు, అంతే.

వట్టి కాలితో ఈడ్చాను. మడమ చర్మం లేచిపోయింది. సర్ర్ర్... దబ్. జర ఆగు బిడ్డా.

ఎంత నిశ్శబ్దం! ఇంతమందిని ఒక్కసారి గమ్మున కూర్చోబెట్టగలిగిన మనిషి మానుకోటలో ఇంకెవడున్నాడు? ఆ క్షణం నాకు సంతోషమైంది. అది రాయకపోతే ఈ డైరీ కూడా ఉత్తదే.

సెప్టెంబరు 26

కాలు గురించి రాయను.

సెప్టెంబరు 28, ఆదివారం

అవ్వ వచ్చింది. ఎన్నడూ మానుకోట రాని అవ్వ, కొంగు నెత్తి మీద కప్పుకుని గోదాం గోడ పక్కన నిలబడి ఉంది. ఆట నడుమ స్టూలు మీంచి దిగి పోయాను.

"దుర్గయ్యకు ఏం జెప్పినవ్ రా?"

"దవాఖానకు పొమ్మన్న."

"ఇంకేం జెప్పినవ్?"

నేను గోదాం తలుపు దిక్కు చూశాను.

"పెద్దమనుషులల్ల కూసోని చెప్పిండు. 'మానుకోటల దయ్యాల సంగతి తెల్సిన పోరడే చెప్పిండు, గా అడుగులు ఇంట్ల మనిషిని తీస్కపోయెదాక ఆగయని' అన్నడు. నువ్వన్నవా, లేదా?"

అన్నాను.

అన్నాను. చేతులు పట్టుకుని అంత పెద్ద మనిషి అడిగితే, ఏమీ తెలియదని చెప్పడానికి నాకు నామోషీ అయింది. "జపాన్ల అయితె గా అడుగులు మనిషిని తీస్కపోయెదాక ఆగయి తాతా" అన్నాను. ఆ తర్వాతే దవాఖాన మాట. జపాను కథలో కూడా అట్లా ఉందో లేదో నాకు తెలియదు. ఆ అక్షరాలు వేగంగా పోతాయి.

అవ్వ ఇంకా చెప్పింది. రాజమణికి దవాఖానలో సూదులు వేస్తే జ్వరం దిగిందట. కానీ ఊరు అనేది వేరు. "పంచాయితీ పెట్టంగనే దిగింది జూడు, యాకమ్మ భయపడి ఇడిసిపెట్టింది" అంటున్నారట. ఆమె బాణామతి చేస్తదని, బావికాడ ఒంటి మీద గుడ్డ లేకుండా బరిబత్తల పూజ చేసినందుకే ఆ కాలు వంకర పోయిందని కొత్తగా ఒక కథ కట్టారు. సద్దుల బతుకమ్మ లోపల ఊరు విడిచి పోవాలట. పోకపోతే మంత్రం పలకకుండా పళ్ళు రాలగొడతారట.

"కాలు ఎట్ల వోయిందో గీ ఊర్లె ఎవ్వలకు ఎరుక?" అని అవ్వ ఏడ్చింది. "జనగామ స్టేషన్ మెట్ల మీద జారిన అన్నది గప్పుడు. ఎవడు నమ్ముతడు?"

అవ్వకు కూడా తెలియదు.

రాస్తాను.

నాకు ఆరేళ్ళు. తెలంగాణ గొడవ నడుస్తున్న ఏడు. చిన్నమ్మ సీతాఫలాల గంప ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని జనగామ పోయింది. స్టేషను ముందర జనం. జెండాలు. పిల్లలంతా బళ్ళు మానేసి అరుస్తున్నారు. ఆ అరుపులు నాకు మస్తు నచ్చాయి. చిన్నమ్మ చేయి విడిపించుకుని అందులోకి ఉరికాను. వెనక నుంచి "జర ఆగు బిడ్డా, వస్తున్న" అని ఆమె గొంతు. అంతలో ఏమైందో, జనం ఒక్కసారి వెనక్కి తిరిగి ఉరికారు. నేను కింద పడ్డాను. ఆమె గంప పారేసి నా మీద పడింది. నా మీద ఒక్క కాలు కూడా పడలేదు. అన్నీ ఆమె కాలు మీదే పడ్డాయి.

ఇంటికొచ్చి మెట్ల మీద జారానని చెప్పింది. నేను చేయి విడిపించుకున్నానని తెలిస్తే మా బాపు తోలు తీస్తాడని. "నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు" అంది. చెప్పలేదు. ఇన్నేళ్ళు చెప్పలేదు. మంచి పిల్లవాడిని.

ఆ మాటనే నేను మైకులో అంటున్నాను. ఆ కాలునే.

సెప్టెంబరు 30

ఊరికి పోవాలి. పోలేదు. రేపు అంగడి, ఆట ఎక్కువుంటుంది అని సేటుకు చెప్పాను. సేటు అడగలేదు, నేనే చెప్పాను.

అక్టోబరు 1, బుధవారం

మధ్యాహ్నం ఆట. గోదాం నిండింది. అంగడికొచ్చిన వాళ్ళలో మా ఊరివాళ్ళు ఒక చాపంతా ఉన్నారు, నడుమ రాములు.

జపాను కథ. కుండలాయన దీపం ఆర్పి పడుకున్నాడు. నేను చెప్పు ఎత్తాను. ఎత్తానుగానీ చేయి కిందికి రాలేదు. ఒట్టేసి చెప్తాను, నేను ఈడ్చలేదు.

సర్ర్ర్... దబ్.

చప్పుడు వెనక నుంచి వచ్చింది.

సర్ర్ర్... దబ్. సర్ర్ర్... దబ్.

మొదట అందరూ నా వైపు చూశారు. నా చెప్పు గాలిలో ఉంది. అప్పుడు లేచింది అరుపు! చాపలు తొక్కుకుంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. హమాలీలు మిర్చి బస్తాల మీదికెక్కారు. ఒక ముసలాయన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. సేటు పరుగున పోయి లైటు వేశాడు.

నడుమ దారిలో చిన్నమ్మ నిలబడి ఉంది. చేతిలో టికెట్టు ముక్క.

"ఏంది? గంత భయమెందుకు? టికెట్ కొన్న. కూసుంట" అంది.

ఎవడూ కదల్లేదు. ఆమె ముందుకొచ్చి టీవీ ఎదురుగా మొదటి చాప మీద, చెడ్డ కాలు చాచుకుని కూర్చుంది. మా ఊరివాళ్ళు గోడకు అతుక్కుపోయారు.

"లైటు బంద్ జెయ్యుండ్రి. రాజేశం, చెప్పు బిడ్డా. నన్ను పెట్టిన కథ నేను సూడద్దా?"

చెప్పాను. అడుగులు వేయలేదు. టీవీలో చెక్క చెప్పుల చప్పుడు అదే వచ్చింది, సన్నగా. కుండలాయన భయపడి భయపడి పొద్దున్నకు చచ్చిపోయి ఉంటాడు. తలాపున ఉన్న ఖాళీ కడవ నిండా నీళ్ళుంటాయి. నేను రోజూ "ఆయన నెత్తురు తాగి పోయింది" అని చెప్పేవాడిని. ఈ రోజు ఆ మాట అనలేదు, పగబట్టి వచ్చిందని మాత్రం అన్నాను.

"అయిపోయిందా?" అంది చిన్నమ్మ.

"అయిపోయింది."

"తప్పు జెప్పినవ్ రా." గట్టిగానే అంది, అందరికీ వినపడేటట్టు. "గామెకు కోపం లేదు. కాలు నొస్తంది. అయినా నీళ్ళు ముంచుకోని అంత దూరం నడిసొచ్చింది. గా మొగోడు లేచి తలుపు తీస్తె ఏం వోతుండె?"

బస్తాల మీద నుంచి ఎవడో నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

బయటికి పోతూ నా స్టూలు దగ్గర ఆగింది. చేయి పెట్టి నా మైకు పక్కకు జరిపింది. "ఊర్లె అందరు నన్నడుగుతున్నరు. నువ్వు బాణామతి చేస్తవా, చెయ్యవా అని. నేనేమన్న ఎవ్వలు నమ్మరు బిడ్డా. నువ్వు చెప్తె నమ్ముతరు. నువ్వు అబద్ధం జెప్పినా నమ్మిన్రు గద. సద్దుల దాక సూస్త. చెప్పకుంటె అన్నారంల మా ఆడబిడ్డ ఇంటికి వోత. గప్పుడు నన్ను చిన్నమ్మ అని మాత్రం పిలవకు."

పోయింది. సర్ర్ర్... దబ్. మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఆగి, మళ్ళీ పోయింది. ఒక్కడు లేచి చేయి అందించలేదు. నేనూ లేవలేదు. మైకు వైరు కాళ్ళకు చుట్టుకుంది అనుకున్నాను. చూస్తే చుట్టుకోలేదు.

అక్టోబరు 2

వీడియో బంద్. సేటు దగ్గర తాళం అడుక్కుని క్యాసెట్ చివరిదాకా చూశాను. ఇన్ని ఆటలు వేశాను, చివరి ముక్క ఒక్కసారి చూడలేదు. మూడో కథ అయిపోగానే వచ్చే ఆటకు జనం తలుపు దగ్గర తోసుకుంటారు కాబట్టి ఆపి వెనక్కి తిప్పేవాడిని.

పడవ వస్తుంది. ముగ్గురూ ఎక్కుతారు. ఏటి నడుమ పడవవాడు తెడ్డు ఆపి అడుగుతాడు. నిఘంటువు తీసి, ఆపి ఆపి, ఒక్కొక్క మాట చూశాను. "మీరు చెప్పిన కథలో మీరెవరు?" అని అడుగుతాడు. ఇంగ్లండాయన, నేను విన్నవాడిని అంటాడు. మెక్సికో ఆమె, నేను అన్నం పెట్టినదాన్ని అంటుంది. జపానాయన నోరు తెరవడు. పడవవాడు అతని చేతులు చూస్తాడు. గోళ్ళలో మట్టి ఉంటుంది. కుండలు చేసే మట్టి. కథలో చచ్చిపోయిన కుండలాయనే అతను. "నీది నువ్వు చెప్పేదాకా పడవ కదలదు" అంటాడు.

అక్కడ అయిపోతుంది. కదిలిందో లేదో చూపించరు.

అక్టోబరు 3, శుక్రవారం. పెత్రామాస

సేటుతో పొద్దున మాట్లాడితే నత్తి వచ్చింది. "భూపాలపల్లికి ఎప్పుడు పోతవ్ మరి?" అంటే తల ఊపి వచ్చాను. అందుకే సాయంత్రం చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటున్నాను. కంఠస్థం చేసి, చదివినట్టు చెప్తాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

ఎంగిలిపూల బతుకమ్మ ఆడేది ఈ రోజే, సద్దులకు ఇంక ఎనిమిది దినాలు. మా ఊళ్ళో పాట ఎవరు ఎత్తుతారు? చిన్నమ్మ వాకిట్లోకి పూలు ఎవరు తెస్తారు? ఆలోచిస్తే మడమ మంట పెడుతోంది. పెట్టనీ.

చెప్పాల్సింది:

సేటూ, ఆ చప్పుడు నాది కాదు. మా చిన్నమ్మది. ఆమె కాలు తొక్కించుకుని నన్ను బతికించింది. నేను ఆ కాలును టికెట్టు పెట్టి చూపించాను. నువ్వు పైసలు తీసుకున్నావు, నేను చప్పట్లు తీసుకున్నాను. రాజమణి జ్వరంలో కలవరించింది నా గొంతునే. దుర్గయ్య తాతకు ఆ మాట చెప్పింది నేనే.

నాకు భూపాలపల్లి వద్దు. టీవీ, డెక్కు, మైకు, ఆ క్యాసెట్, జనరేటరు కావాలి, ఒక్క రోజుకు. మా ఊళ్ళో, దుర్గయ్య తాత ఇంటి ముందర, పొద్దుండగానే, టికెట్టు లేకుండా వేస్తాను. మూడు కథలూ వేస్తాను. పడవ ముక్క కూడా వేస్తాను. కడవలో నీళ్ళున్నాయని చెప్తాను. ఆ తర్వాత మైకు పట్టుకుని, మీరు విన్న అడుగులు ఇవిగో అని నేనే నడిచి చూపిస్తాను. జనగామ సంగతి చెప్తాను. చేయి విడిపించుకున్నది నేనని చెప్తాను. ఆమె మీద పంచాయితీ ఎత్తేసే దాకా అక్కడి నుంచి లేవను. కొడితే నన్ను కొట్టమంటాను.

ఇది సద్దుల బతుకమ్మకు ముందే కావాలి. ఆలోచించుకుంటా అనకు. రేపు పొద్దున గోదాం షట్టరు లేపేలోపల ఇస్తావో ఇవ్వవో చెప్పు. ఇస్తే బండి మాట్లాడుకుంటా. ఇవ్వకపోతే మొదటి బస్సుకు ఉత్త నోటితో పోతా.